వాన పడ్డాక మార్కులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు పొరపాటున నంబరు కలిసిందేమో అనుకున్నాను. మన బ్యాచుల్లో కర్నల్స్ ఉన్నారు, డాక్టర్లు ఉన్నారు, అమెరికాలో కంపెనీలు నడిపేవాళ్ళు ఉన్నారు. నేను 1981 పదో తరగతి బ్యాచ్ వాణ్ణి. చేసేది కలుపు మందు కాంట్రాక్టులు. రైలు పట్టాల పక్కన, కరెంటు సబ్‌స్టేషన్లలో, గోడౌన్ల చుట్టూ పెరిగే పిచ్చి మొక్కల్ని చంపించడం నా పని. మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో వాళ్ళ పుట్టింట్లో "గడ్డి కాంట్రాక్టర్" అని చెప్పేది. వాళ్ళు పశువులకు గడ్డి సప్లై చేస్తాననుకున్నారు.

కార్యదర్శి గారు నన్ను పిలవడానికి కారణం ఉంది. స్వర్ణోత్సవ కానుకగా మన సంఘం యాప్రాల్ చెరువులో గుర్రపు డెక్క తీయించాలని అనుకుంటోంది. అందరికంటే తక్కువ రేటుకు వచ్చిన కొటేషన్ మందు కొట్టి చంపుతామన్నది. దాని మీద నా అభిప్రాయం అడిగారు. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఆ ముక్క నాకు ఎక్కడ తెలిసొచ్చిందో చెప్పకపోతే మీకు నమ్మకం కుదరదు. అందుకే కాస్త వెనక్కి వెళ్తాను. సముద్రం దాకా వెళ్ళి మళ్ళీ చెరువు గట్టుకే వస్తాను.

ముందు మన బడి. మన సైన్సు సార్ గుర్తున్నారు కదా. శ్రమదానం పీరియడ్‌లో గ్రౌండులోని వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, పీకించేవారు. ఎవరు పెద్ద కుప్ప వేస్తే వాళ్ళకు పది మార్కులు అన్నారు మొదటిసారి. మేం ఏం చేశాం? వేరు దాకా వంగడం ఎందుకని పైపైన తెంపి, గంటలో ఏనుగంత కుప్ప వేశాం. సార్ కుప్ప చూశారు, గ్రౌండు చూశారు, ఏమీ అనలేదు. మార్కులు మాత్రం వేయలేదు. "వాన పడ్డాక వేస్తాన్రా" అన్నారు. జూలైలో వాన పడింది. మేం తెంపిన చోటల్లా ఒక కొమ్మకు నాలుగు కొమ్మలు వచ్చాయి. మూలన ఇద్దరు ఆడపిల్లలు చిన్న కుప్ప వేసి మా చేత నవ్వించుకున్నారు. వాళ్ళ జాగా మాత్రం శుభ్రంగా ఉంది. పది మార్కులూ వాళ్ళకే. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు.

ఆ పాఠం నేను మరిచిపోయాను. మళ్ళీ నేర్చుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, ఇంకొకరి మొక్కలు చావాల్సొచ్చింది.

రాజేంద్రనగర్‌లో వ్యవసాయం చదువుకుని, కొన్నాళ్ళు పురుగుమందుల కంపెనీలో తిరిగి, తర్వాత సొంతంగా లైసెన్సు తీసుకుని కాంట్రాక్టులు మొదలుపెట్టాను. పట్టాల పక్క పని సులభం. అక్కడ ఏ మొక్కా బతకకూడదు. పచ్చగా కనబడిందల్లా చావాలి. ఎన్ని కిలోమీటర్లు కొట్టామో కొలుస్తారు, బిల్లిస్తారు. ఆ లెక్కకు అలవాటు పడ్డవాణ్ణి కోస్తాలో ఒక రక్షిత ప్రాంతం అంచున సర్కారు తుమ్మ చంపే పనికి టెండరు వేశాను. ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట. అది ఏ జిల్లానో, ఏ ఆఫీసో చెప్పను. తప్పు నాది, వాళ్ళది కాదు.

సర్కారు తుమ్మ మీ అందరికీ తెలుసు. సీమ తుమ్మ అంటారు, ఇంగ్లీషు తుమ్మ అంటారు, నెల్లూరు వైపు చిల్లచెట్టు అంటారు. శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జులిఫ్లోరా. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాల చెట్టు. ఇది మన దేశంలో మొదట కాలు పెట్టింది ఎక్కడో తెలుసా? కడప జిల్లా కమలాపురంలో. వంటచెరకు కొరత తీరుతుందని మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో విత్తనాలు తెప్పించమని పైకి రాశాడు. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనాలు కమలాపురంలో నాటారు. చెడు చేద్దామని ఎవరూ నాటలేదు. ఎండకు తట్టుకుంటుంది, ఉప్పు నేలలో బతుకుతుంది, పేదవాడి పొయ్యిలోకి కట్టె ఇస్తుంది. ఇవన్నీ నిజమే. ఇప్పటికీ ఎన్నో ఊళ్ళలో బొగ్గు కాల్చుకుని బతికేవాళ్ళకు అదే ఆధారం.

చిక్కు ఏమిటంటే అది ఉండమన్న చోట ఉండదు. కాయ తియ్యగా ఉంటుంది. మేకలు, పశువులు తింటాయి. విత్తనం అరగదు, పేడతో బయటపడి ఇంకా బాగా మొలుస్తుంది. అలా పశువు నడిచిన దారల్లా తుమ్మ నడుస్తుంది. పులికాట్ సరస్సు అంచులకు వెళ్ళి చూడండి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే దారిలో రాజహంసల్ని చూడ్డానికి జనం ఆగుతారు. ఎదురుగా నీళ్ళలో గులాబి రంగు పక్షులు, గట్టున తుమ్మ పొదలు. పులికాట్‌ను 1976లో, కోరింగను 1978లో అభయారణ్యాలుగా ప్రకటించారు. కాగితం మీద హద్దు గీశాం. తుమ్మకు ఆ కాగితం చదవడం రాదు.

రక్షిత ప్రాంతంలో ఈ మొక్కను చంపడం పట్టాల పక్కన చంపినట్టు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోంచి ఏదైనా తీయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ఆ పని వన్యప్రాణుల మేలుకే అని ప్రభుత్వానికి నమ్మకం కలగాలి. తీసిన కట్టెను చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సొంత అవసరాలకు వాడుకోవచ్చు గాని వ్యాపారానికి అమ్మకూడదు. అంటే బయట చేసినట్టు "కట్టె నీది, నరికిన కూలి నీదే" అని కాంట్రాక్టరుకు అప్పగించడం కుదరదు. కుదరకపోవడమే మంచిది. కట్టె కోసం నరికేవాడు మోడును ఎందుకు చంపుతాడు? మోడు బతికితేనే కదా మూడేళ్ళకు మళ్ళీ పంట.

అదే చట్టంలో 32వ సెక్షన్ ఉంది. అభయారణ్యంలో వన్యప్రాణులకు హాని చేసే రసాయనాలు, పేలుడు పదార్థాలు వాడకూడదని చెబుతుంది. నా వృత్తి మొత్తం ఆ ఒక్క వాక్యం అంచు మీద నిలబడి ఉంటుంది. నేను వాడే మందు హాని చేస్తుందా, చేయదా? డబ్బా మీద రాసినదాన్ని బట్టి చెప్పలేం. ఎలా వాడామన్నదాన్ని బట్టి ఉంటుంది. 2022లో ఈ చట్టానికి సవరణ తెచ్చి, బయటి దేశాల నుంచి వచ్చి మన జీవజాలాన్ని దెబ్బతీసే జాతుల్ని మొదటిసారిగా చట్టంలోకి చేర్చారు. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ గ్లైఫోసేట్ మందును లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. అంటే మొక్కను చంపాల్సిన అవసరమూ పెరిగింది, చంపేవాడి బాధ్యతా పెరిగింది.

ఇక నా పని సంగతి. ఎస్టిమేటు కంటే ఇరవై రెండు శాతం లెస్ వేసి టెండరు తెచ్చుకున్నాను. మేం కొట్టాల్సింది అభయారణ్యం హద్దుకు ఇవతల, ఒక కాలవ గట్టు వెంట. అవతలి గట్టు దిగువన ఊరి ఆడవాళ్ళ సంఘం నాటిన మడ మొక్కలు ఉన్నాయి, మోకాలెత్తు. అగ్రిమెంటులో రాసుకున్నది ఒకటే: హెక్టారుకు ఇంత. కొట్టిన హెక్టార్లు కొలిచి ఎం.బుక్‌లో రాసుకుంటారు, బిల్లవుతుంది.

ఇరవై రెండు శాతం తక్కువకు ఒప్పుకున్నవాడు ఆ డబ్బు ఎక్కడ మిగుల్చుకుంటాడు? మూడు చోట్ల.

మొదటిది నీళ్ళు. మంచినీళ్ళు ట్యాంకరులో తేవాలి. మావాళ్ళు కాలవలో ముంచి పంపుల్లో పోశారు. గ్లైఫోసేట్‌కు ఒక గుణం ఉంది. మట్టి రేణువు కనబడితే చాలు, పట్టుకుని వదలదు. బురద నీళ్ళలో కలిపితే మందు ఆ బురదకే అంటుకుపోతుంది, ఆకుకు పట్టాల్సిన బలం పోతుంది. ఉప్పు నీళ్ళు, కఠిన జలం కూడా దాన్ని నీరసపరుస్తాయి. రాజేంద్రనగర్‌లో చదివిన ముక్కే. తెలిసీ చూడనట్టు ఊరుకున్నాను.

రెండోది పద్ధతి. సర్కారు తుమ్మ ఆకు చిన్నది, మైనం పూత ఉంటుంది. పైనుంచి కొట్టిన మందు వేరు దాకా దిగడం కష్టం. దాని ప్రాణం నేలకు కాస్త కిందుగా, కాండం వేరు కలిసే చోట మొగ్గల్లో ఉంటుంది. దాన్ని చంపాలంటే ఆ మెడ కిందికి తవ్వి పెకలించాలి. లేదా మొదలంటా నరికి, నిమిషాలు గడవకముందే మోడు అంచున కుంచెతో మందు పూయాలి. కోత ఆరిపోతే లోపలికి పీల్చుకోదు. అలా పూస్తే ఒక్కో చెట్టుకు మందు కొంచెమే పడుతుంది, పక్కదానికి అంటదు. కానీ మనుషులు ఎక్కువ కావాలి. ఒకడు నరకాలి, ఒకడు వెంటే పూయాలి. నేను లెస్ వేసిన రేటులో ఆ రెండో మనిషి లేడు. చేతి గ్లౌజులూ లేవు. పంపులు మోసినవాళ్ళు కాళ్ళకు చెప్పుల్లేకుండా ఆ తడిలోనే నడిచారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

మూడోది టైము. సముద్రం పక్కన పనికి గడియారం కంటే పంచాంగం ముఖ్యం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పైదాకా వస్తుంది. మందు ఆకు మీద ఆరకముందే నీళ్ళు వస్తే కడిగేసి తీసుకుపోతుంది. పొద్దెక్కే కొద్దీ సముద్రపు గాలి లేస్తుంది. అందుకని పాటు సమయం చూసుకుని, తెల్లవారుజామున గాలి లేవకముందు పని చేసి ఆపేయాలి. ఆ లెక్కన రోజుకు మూడు నాలుగు గంటలే పని. కూలీ మాత్రం రోజంతటికీ ఇవ్వాలి. నేను మధ్యాహ్నం కూడా కొట్టించాను.

మూడు వారాల్లో తుమ్మ ఆకంతా రాలిపోయింది. కొమ్మలు ఎండుపుల్లల్లా నిలబడ్డాయి. కొలతలు తీశారు, ఫొటోలు తీశారు, బిల్లు పాసయింది. ఎవరూ ఎవరికీ లంచం ఇవ్వలేదు. అన్ని సంతకాలూ ఉన్నాయి, అన్నీ సరైనవే. నాకు ఇప్పటికీ ఎక్కువ బాధ కలిగించేది అదే. దొంగతనం జరిగి ఉంటే దొంగను పట్టుకుంటే పోయేది. అందరూ నియమం ప్రకారమే చేశారు. ఆ నియమం కొలిచింది మాత్రం మేం ఎంత నేల మీద నడిచామన్నదే.

వానాకాలం అయ్యాక వేరే పని మీద అటు వెళ్ళి, గట్టు మీద బండి ఆపాను. తుమ్మ ప్రతి మోడూ చిగిర్చింది. కింద నుంచి గుత్తులుగా, ముందుకంటే దట్టంగా. అవతల మడ మొక్కలున్న చోట వరసగా ఎండిన పుల్లలు. గాలికి మా మందు కాలవ దాటింది. గాలికి హద్దు రాళ్ళు ఉండవు కదా. అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. కోప్పడలేదు. "మీ మందు తుమ్మకి పట్టలేదయ్యా, మా మడకి పట్టింది" అన్నాడు. మళ్ళీ వలలోకి తల వంచాడు.

ఆ మొక్కలు నాటిన ఆడవాళ్ళు ఒడ్డు బురదలో ఎన్ని రోజులు దిగబడి నాటారో నాకు తెలియదు. మడ అంటే వాళ్ళకు ఫొటోలో పచ్చదనం కాదు. రొయ్య పిల్ల, పీత పిల్ల పెరిగే చోటు అది. తుఫాను వచ్చినప్పుడు అల దెబ్బ ముందు అదే కాస్తుంది. మరుసటి ఏడు నా ఖర్చుతో వాళ్ళ చేతనే మళ్ళీ నాటించాను, మోళ్ళు తవ్వించాను. కొన్ని బతికాయి. అన్నీ బతికాయని చెప్పి మీ దగ్గర మార్కులు కొట్టేయను.

ఆ రోజు గట్టు మీద మన సార్ మాట గుర్తొచ్చింది. వాన పడ్డాక వేస్తాన్రా మార్కులు.

అప్పటి నుంచి నేను అగ్రిమెంటు రాసే పద్ధతి మార్చుకున్నాను. నాకు పని ఇచ్చేవాళ్ళకూ అదే చెప్తాను. వింటే చేస్తాను, లేకపోతే వదులుకుంటాను. చాలా పనులు వదులుకున్నాను కూడా.

ఒకటి, కొట్టిన విస్తీర్ణానికి కాదు, చచ్చిన మోడుకు డబ్బు. రంగు కలిపిన మందు పూస్తే ఏ మోడుకు పూశారో, దేనికి పూయలేదో కంటికి కనబడుతుంది. వానాకాలం దాటాక నూటికి ఎన్ని చిగిర్చాయో లెక్కపెట్టాలి.

రెండు, డబ్బు ఒక్కసారి ఇవ్వకూడదు. మొదటి కోతకు సగం మించకుండా ఇచ్చి, మిగతాది రెండో ఏడు, మూడో ఏడు మళ్ళీ వచ్చి చూసినందుకు ఇవ్వాలి. నేలలో పడ్డ విత్తనం ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటుంది. బిల్డింగు కట్టినవాడి డిపాజిట్ కొన్నాళ్ళు పట్టి ఉంచుతారు కదా, అలాగే ఇదీ.

మూడు, పక్కన బతకాల్సినవి బతికాయా అన్నది కూడా కొలతలో ఉండాలి. పనికి ముందు మడ మొక్కలెన్ని, పని తర్వాత ఎన్ని. అవి చస్తే కోత పడాలి.

నాలుగు, గాలి లేచినా, పోటు వచ్చినా, పక్షులు గూళ్ళు పెట్టినా పని ఆపాలి. ఆపిన రోజుకు కూలీ ఇవ్వాలి. ఆపితే నష్టమొచ్చే అగ్రిమెంటు రాసి, ఎందుకు ఆపలేదని అడిగితే లాభం లేదు.

అయిదు, పని ఆ ఊరివాళ్ళకే అప్పజెప్పాలి. వానాకాలం తర్వాత అక్కడ ఉండేది వాళ్ళే. గోదావరి, కృష్ణా మడ అడవుల్లో స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊరివాళ్ళు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీళ్ళు లోపలికి వచ్చిపోయేలా చేసి మడను తిరిగి పెంచారు. ఉప్పు నీటి రాకపోకలు బాగైతే మడ తనంతట తాను నిలబడుతుంది. చంపడం సగం పనే. ఆ ఖాళీలో ఏం పెరగాలో చూసుకోకపోతే మళ్ళీ తుమ్మే వస్తుంది.

ఇవన్నీ నా తెలివి అనుకోకండి. లోకంలో చాలామంది దెబ్బలు తిని నేర్చుకున్నవే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో విల్లపా అనే సముద్రపు పాయ ఉంది, పక్షుల రక్షిత ప్రాంతం. స్పార్టినా అనే తీర గడ్డి అక్కడ బురద మేటలను ఆక్రమించి, 2003 నాటికి సుమారు 8,500 ఎకరాలకు పాకింది. కోశారు, దున్నారు, గ్లైఫోసేట్ కొట్టారు. ఆకుల మీద పేరుకున్న బురద మందును పట్టేసింది, ఆరేలోపు పోటు వచ్చేసింది. సరిగ్గా నా కథే. 2004లో ఇమజపైర్ అనే, తొందరగా పట్టే వేరే మందుకు అనుమతి వచ్చాక, ఏటా వదలకుండా వెనక్కి వచ్చి వెతికి చంపాక, ఆ గడ్డి వెతికితే గాని కనబడని స్థితికి వచ్చింది. మందు మార్చడం ఎంత ముఖ్యమో, మానకుండా వెనక్కి రావడమూ అంతే ముఖ్యం.

శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతంలో ఇంకో పాఠం. అక్కడా స్పార్టినానే. 1970లలో తీరం బాగుచేయడానికి ప్రభుత్వ ఇంజనీర్లే నాటిన గడ్డి అది. మన కమలాపురం కథకు తోబుట్టువు. దాన్ని చంపుకుంటూ పోయారు. చూస్తే మన జమ్ముకోడి చుట్టం లాంటి ఒక అరుదైన పక్షి ఆ గడ్డిలోనే దాక్కుంటోంది. పక్షుల సంఖ్య పడిపోయింది. 2011 నుంచి కొన్ని చోట్ల మందు కొట్టడం ఆపించారు. ముందు స్థానిక మొక్కలు నాటి, పక్షికి చోటు చూపించాక మిగతాది చంపుదాం అన్నారు. శత్రువు ఇంట్లో కూడా మన బిడ్డ తలదాచుకుని ఉండొచ్చు. తలుపు తీసి చూడకుండా ఇల్లు తగలబెట్టకూడదు.

దక్షిణాఫ్రికాలో 1995 నుంచి 'వర్కింగ్ ఫర్ వాటర్' అనే పథకం నడుస్తోంది. పేద ఊళ్ళవాళ్ళ చేత చిన్న చిన్న జట్లు కట్టించి, వాళ్ళకే కాంట్రాక్టులిచ్చి బయటి చెట్లు తీయిస్తారు. ఎంతోమందికి పని దొరికింది. అక్కడా లోపం ఒకటే. మొదటి కోతకు ఉన్న ఉత్సాహం రెండో ఏడు తిరిగి రావడానికి లేకపోయిన చోటల్లా చెట్టు మళ్ళీ లేచింది.

ఇప్పుడు మన చెరువు గట్టుకు వద్దాం.

మనకు వచ్చిన కొటేషన్‌లో పది రోజుల్లో పచ్చదనం పోగొడతామని రాశారు. నిజమే, పోతుంది. గుర్రపు డెక్క మీద 2,4-డి లాంటి మందులు పనిచేస్తాయి. ప్రశ్న అది కాదు. చచ్చిన డెక్క ఎక్కడికి పోతుంది? నీళ్ళ అడుగుకు. అక్కడ కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ఆక్సిజన్ తినేస్తుంది. చేపలు తేలతాయి. గుర్రపు డెక్క పెరిగింది మన ఇళ్ళ మురుగు తిని. ఆ మురుగు ఎరువంతా దాని ఒంట్లో ఉంది. మందు కొడితే ఆ ఎరువు తిరిగి చెరువుకే చేరుతుంది. మోసి గట్టున పోస్తే చెరువులోంచి బయటికి పోతుంది. మిగిలిన నాలుగు మొక్కలు వారం పది రోజుల్లో ఎనిమిది అవుతాయి. విత్తనం ఏళ్ళ తరబడి బురదలో ప్రాణంతో ఉంటుంది. కాప్రా చెరువులో తీయడం, మళ్ళీ రావడం మనం చూస్తూనే ఉన్నాం.

పైగా ఆ పది రోజుల తర్వాత ఫొటో తీసి, దండలు వేసి, బిల్లు ఇచ్చేస్తాం. స్వర్ణోత్సవ సంచికలో ఆ ఫొటో బాగుంటుంది. వాన పడ్డాక ఎవరు చూస్తారు?

మన చెరువు అభయారణ్యం కాదు, ఇదేమైనా పులికాటా అని ఎవరైనా అడగొచ్చు. మన వైపు నీళ్ళు చివరికి మూసీలోకి పోతాయి. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ వెళ్ళేది మడ అడవుల దగ్గరికే. నీళ్ళకూ హద్దు రాళ్ళు కనబడవు.

అందుకని నా సలహా ఇది. మందు కొటేషన్ పక్కన పెట్టండి. సంబంధిత శాఖల అనుమతి తీసుకుని, యంత్రంతోనూ మనుషులతోనూ తీయించండి. ఒక్కసారి మొత్తం కాకుండా భాగాలుగా తీయించండి. డెక్క చాటున గుడ్లు పెట్టే నీటికోళ్ళకు పక్కకు జరగడానికి టైము దొరుకుతుంది. తీసిన డెక్కను గట్టు మీద వదిలేయకుండా కంపోస్టు చేయించండి. 1980లలో బెంగుళూరులో తెచ్చి వదిలిన నియోకెటినా ముక్కు పురుగులు డెక్కను తిని బతుకుతాయి. అవి నిదానంగా పని చేస్తాయి, అయినా జీతం అడగవు. శాస్త్రవేత్తల సలహా అడిగి ఆ దారీ చూడొచ్చు. అన్నిటికంటే ముందు చెరువులోకి దిగే మురుగు పైపులు ఎన్ని, ఎవరివి అని ఒక జాబితా రాయండి. అందులో మన ఇళ్ళవీ ఉండొచ్చు. మా ఇంటిది నేను చూసుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, గానీ ఉంది. దాన్ని డ్రైనేజీ లైనుకు కలిపించే పనిలో ఉన్నాను.

మనం పోగు చేసిన డబ్బు మూడు భాగాలు చేయండి. మొదటి భాగం ఈ ఏడు. రెండోది వచ్చే వానాకాలం తర్వాత. మూడోది ఆపై వానాకాలం తర్వాత. ఇదంతా చేస్తే ఖర్చు కొటేషన్ కంటే ఎక్కువవుతుంది. చెరువు సగమే శుభ్రమవుతుంది ఈ ఏడు. ఫొటో అంత బాగా రాదు. ఈ పని పర్యవేక్షణకు నేను ఒక్క పైసా తీసుకోను. సంఘంలో ఎవరైనా ఇద్దరు నాతో వస్తే చాలు. మూడో వరసలో కూర్చున్నావిడ వస్తే ఇంకా మంచిది. వేరుతో పీకడం ఆవిడకు మనందరికంటే ముందే వచ్చు.

మన సార్ ఈ రోజు మన మధ్య లేరు. ఉంటే ఈ స్వర్ణోత్సవాన్ని చూసి ఏమనేవారో నాకు తెలుసు. యాభై ఏళ్ళు నడిచినందుకు సంతోషించేవారు. మార్కులు మాత్రం ఇప్పుడే వేసేవారు కాదు.

వచ్చే అక్టోబరులో, వానలు వెళ్ళాక, ఒక ఆదివారం పొద్దున్నే అందరం చెరువు గట్టు మీద కలుద్దాం. లెక్క అక్కడ చూసుకుందాం.